పన్నెండు కిలోమీటర్ల రిమోట్

కారు కొన్న కొత్తలో నాకున్న ఒకే ఒక్క దిగులు, దాని రిమోట్ మా బాల్కనీ నుంచి పనిచెయ్యకపోవడం.

మాది నాలుగో అంతస్తు. పార్కింగ్ స్థలాలు చీటీలు వేసి పంచితే మాకు ప్రహరీ మూలన, నీళ్ళ ట్యాంకు పక్కన వచ్చింది. ఎదురు ఫ్లాటులో ఉండే ఫిజిక్స్ లెక్చరర్ గారికి సరిగ్గా వాళ్ళ బాల్కనీ కిందే వచ్చింది. ఆయన పొద్దున్నే పేపరు చదువుతూ, తలెత్తకుండా, చెయ్యి మాత్రం చాపి రిమోట్ నొక్కేవాడు. కింద కారు కుయ్ కుయ్‌మనేది. ఆ సమయంలో ఆయనకి కారుతో ఏ పనీ లేదు. తాళం తీసి, మళ్ళీ వేసేవాడు, అంతే. నేను మాత్రం కారు లాక్ చేశానో లేదోనని అనుమానం వచ్చినప్పుడల్లా నాలుగంతస్తులు దిగి, డోరు లాగి చూసి, ఎక్కి వచ్చేవాణ్ణి. పైకొచ్చి కుర్చీలో కూర్చున్నాక, లాగినప్పుడు డోరు తెరుచుకుందా తెరుచుకోలేదా అని ఇంకో అనుమానం వచ్చేది.

రిమోట్‌ని గడ్డానికి ఆనించి, నోరు తెరిచి నొక్కితే ఇంకాస్త దూరం పోతుందని ఎవరో చెప్పారు. మన తలకాయే ఏరియల్‌లా పనిచేస్తుందట. నిజంగానే పనిచేసింది, కాకపోతే నడుము దాకా బాల్కనీ బయటికి వంగాలి. ఆ భంగిమలో నన్ను చూసి మా ఆవిడ, "ఏమండీ, పడితే పడ్డారు గానీ, తాళంచెవి ఇటు పడేసి పడండి" అంది. లెక్చరర్ గారు పేపరు దించి, "పంటి నొప్పా?" అని అడిగాడు.

ఆ పంటి నొప్పి భరించలేక మావయ్య దగ్గరికి వెళ్ళాను.

మావయ్యంటే మా ఆవిడ నాన్న. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, మాతోనే ఉంటున్నాడు. ఆ ఉద్యోగం ఆయనకి ఒక పెన్షనూ, ఎడమ చెవికి చెవుడూ, దూరాలన్నీ స్తంభాల్లో చెప్పే అలవాటూ మిగిల్చింది. మందుల షాపు ఎక్కడంటే "నాలుగు స్తంభాలు పోయి కుడిపక్కకి తిరగండి" అంటాడు. అక్కడిప్పుడు స్తంభాలు లేవు. జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకోవడం మొదలెట్టాక ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగలేదు. నేను అడిగాను.

"దూరం పెంచాలి, అంతేనా అల్లుడుగారూ? నాకొదిలెయ్యండి. ఎంత దూరం పోవాలి?"

"ఆ ట్యాంకు దాకా పోతే చాలు మావయ్యా."

"ట్యాంకా!" అన్నాడు, నేనేదో ఆయన్ని చిన్నబుచ్చినట్టు.

రెండో తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఉద్యోగం ఉన్నవాడు ఎంత ధీమాగా ఇస్తాడో అంత ధీమాగా ఇచ్చాను.

ఆయన ప్రయోగాలకి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోపు నా ఉద్యోగం పోయింది.

పోవడం కూడా పెద్ద గొడవేమీ లేకుండా పోయింది. ఒక సోమవారం మధ్యాహ్నం మీటింగ్ రూంలో కూర్చోబెట్టి, ఒకమ్మాయి నా స్థానం ఇక కంపెనీకి అవసరం లేదని చెప్పింది. స్థానమంటే కిటికీ పక్కన నేను కూర్చునే చోటు అనుకుని, "ఎక్కడికి మారమంటారు?" అని అడిగాను. ఆ అమ్మాయి నాకు మంచినీళ్ళిచ్చింది. మెడలో కార్డు తీసుకుంది. లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది, ఎందుకంటే కార్డు లేనిదే లిఫ్టు కదలదు.

చెప్పేద్దామనే ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో బూట్లు విప్పుతుంటే లోపల మావయ్య లెక్చరర్ గారితో, "మా అల్లుడుగారు ఒక్కరోజు సెలవు పెడితే ఆఫీసు తలకిందులైపోతుందండీ" అంటున్నాడు. మా ఆవిడ మిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది. దారం పంటితో తెంపి, "తొందరగా వచ్చారే, ఒంట్లో బాగానే ఉందా?" అంది. బాగానే ఉందన్నాను. ఒంట్లో బాగానే ఉంది మరి. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ క్యారేజీ సర్ది చేతికిచ్చింది. చేతిలోకి క్యారేజీ వచ్చాక మనిషి బయల్దేరకుండా ఎలా ఉంటాడు?

మొదటి నెల ఆఫీసు దాకా వెళ్ళేవాణ్ణి, అలవాటు కొద్దీ. మా ఇంటి నుంచి పన్నెండు కిలోమీటర్లు. ఎదురు రోడ్డులో కారు ఆపుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి. నేను లేకపోయినా ఆఫీసు తలకిందులు కాలేదు, ఎటువాళ్ళు అటు నడుస్తూనే ఉన్నారు. రెండో నెల సగం దారిలో ఒక పార్కు. అక్కడ గేటు మనిషి వారం చూసి, "సార్ ఇన్‌స్పెక్షనా?" అని సెల్యూట్ కొట్టాడు. పార్కు మానేశాను. మూడో నెల ఒక షాపింగ్ మాల్ వెనక. ఉద్యోగం లేని మనిషి ఎక్కువ దూరం పోలేడు. నాలుగో నెలకి మా అపార్ట్‌మెంట్ వెనక సందులోకి వచ్చి చేరాను. పంపించేటప్పుడు కంపెనీ ఇచ్చిన డబ్బునే నెలనెలా జీతమని ఇంట్లో ఇచ్చేవాణ్ణి.

అక్కడొక మూతబడ్డ ఫర్నిచర్ షాపు ఉంది. గోడ పక్కన, చిరిగిన హోర్డింగ్ చాటున కారు పెడితే ఎవరికీ కనపడదు. సందులోకి రావాలంటే మెయిన్ రోడ్డంతా చుట్టుకుని రావాలి కాబట్టి మావాళ్ళెవరూ రారు. హోర్డింగ్ చిరుగులోంచి మా బాల్కనీలో ఆరేసిన బట్టలు కనపడేవి. ఏ చొక్కా ఆరిందో చూసి, రేపు ఆఫీసుకి ఏం వేసుకోవాలో తేల్చుకునేవాణ్ణి.

ఒక మంగళవారం పదకొండింటికి, సీటు వెనక్కి వాల్చి పడుకుని ఉంటే, కారు దానంతటదే కుయ్ కుయ్‌మంది. నాలుగు డోర్ల లాకులూ టక్కున పడ్డాయి. నేను తాళంచెవి ముట్టుకోలేదు. ఫోన్ మోగింది. మావయ్య.

"అల్లుడుగారూ! ఆఫీసులోనే ఉన్నారా?"

"ఆఁ, ఉన్నాను మావయ్యా."

"సీట్లోనే ఉన్నారా?"

"సీట్లోనే ఉన్నాను." ఇది మాత్రం అబద్ధం కాదు.

"రిమోట్‌కి కొత్త ఏరియల్ కట్టానండీ. రాగి తీగ, పాలపొడి డబ్బా. మన కారు ఇక్కడ లేదనుకోండి, చెయ్యి ఊరుకోక గాల్లోకి నొక్కి చూశాను. ఇదిగో, మళ్ళీ నొక్కుతున్నా."

కారు మళ్ళీ కుయ్ కుయ్‌మంది. ఆయన ఎడమ చెవి పనిచెయ్యదు, పనిచేసే కుడి చెవికి ఫోన్ నొక్కిపెట్టుకున్నాడు. కాబట్టి గాల్లోంచి వచ్చిన చప్పుడు ఆయనకి వినపడలేదు, ఫోన్లోంచి వచ్చింది వినపడింది.

"అల్లుడుగారూ, ఏమిటా చప్పుడు?"

పక్కవాళ్ళ కారు అనొచ్చు. ఎవరిదో ఫోన్ అనొచ్చు. నాలుగు నెలలుగా ఇస్త్రీ చేసినట్టు అబద్ధాలు చెప్పినవాణ్ణి, సరిగ్గా అప్పుడు తడబడి నిజం చెప్పాను.

"మన కారే మావయ్యా. మోగింది."

"పన్నెండు కిలోమీటర్లు!" అన్నాడు మావయ్య, చాలా మెల్లిగా.

సాయంత్రం ఆరున్నరకి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా హాలు నిండా జనం. లెక్చరర్ గారు మధ్యలో కూర్చుని, రిమోట్‌ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నాడు.

"చొక్కా గుండీ అంత బ్యాటరీ. పన్నెండు కిలోమీటర్లా? పెద్దాయనా, ముప్ఫయ్యేళ్ళు నేను చెప్పిన పాఠాలు తగలబెట్టుకోమంటారా?"

"తగలబెట్టండి" అన్నాడు మావయ్య. "మీరు బోర్డు మీద గీతలు గీశారు. నేను ఎండలో తీగలు లాగాను."

"సరే. శుక్రవారం పదకొండింటికి అందరి ముందూ నొక్కండి. మా తమ్ముణ్ణి మీ అల్లుడుగారి ఆఫీసు పార్కింగ్‌లో నిలబెడతాను. వాడు కళ్ళారా చూసి చెప్తే ఒప్పుకుంటాను."

"నిలబడటమెందుకు, కుర్చీ వేయిస్తాం! మా అల్లుడుగారి ఆఫీసే కదా. ఏమంటారు అల్లుడుగారూ?"

మా ఆవిడ కిటికీ పక్కన మిషను దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎంతసేపటికీ ఎక్కలేదు.

బుధవారం పొద్దున, రాగి తీగ కొనాలంటే మావయ్యని కారెక్కించుకున్నాను. చెప్పాల్సింది మా ఆవిడకి. కానీ ఒంటరిగా ఆమె ముందు నిలబడే ధైర్యం లేదు. మావయ్య పక్కనుంటే చెప్పగలననిపించింది. ఆయన నా ఎడమ పక్క కూర్చున్నాడు కాబట్టి మంచి చెవి నా వైపే ఉంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాను, "మావయ్యా, నాకు ఉద్యోగం లేదు."

"ఇవాళ సెలవా?"

"ఇవాళే కాదు. నాలుగు నెలల్నుంచీ లేదు. తీసేశారు."

పచ్చ లైటు పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కారు పక్కకి తీసి ఆపాను.

"మరి రోజూ పొద్దున్నే..."

"కార్లో కూర్చుంటున్నాను."

"క్యారేజీ?"

"కార్లోనే తింటున్నాను."

ఆయన వెనక సీటు వైపు ఒకసారి చూశాడు. అక్కడొక దిండు ఉంది. నా చెయ్యి పట్టుకుంటాడేమోనని, పట్టుకోడానికి వీలుగా, గేరు మీంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్నాను.

"అయితే మంగళవారం కారు ఎక్కడుంది?" అన్నాడు చివరికి.

"మన వెనక సందులో. ఫర్నిచర్ షాపు గోడ పక్కన."

ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. "ఆరు స్తంభాలు" అన్నాడు. "రెండు వందల మీటర్లు. నేను పన్నెండు కిలోమీటర్లనుకున్నాను."

కళ్ళజోడు తీసి ఏడ్చాడు. ఉద్యోగం పోయినందుకు నేనింకా ఏడవలేదు. నా బదులు ఆయన ఏడుస్తున్నాడని ఒక్క క్షణం అనుకున్నాను.

"ఆరు స్తంభాలు తక్కువేం కాదు మావయ్యా. నేను ట్యాంకు దాకానే కదా అడిగింది" అని నేనే ఆయన్ని ఓదార్చాను.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

మా పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. 'గారు' కూడా మెడలో కార్డుతోపాటే ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారని నాకప్పుడు తెలిసింది.

"లేదు. ఇవాళ మీ అమ్మాయికి చెప్పేద్దాం మావయ్యా. ఇంక నా వల్ల కావట్లేదు. మీరు ఊరికే పక్కన నిలబడండి చాలు."

"శుక్రవారం దాకా ఆగు."

"శుక్రవారం ఆయన తమ్ముడు ఆఫీసులో నిలబడితే..."

"నిలబడడు. బయటివాళ్ళని లోపలికి రానివ్వరని నేను చెప్తా. నువ్వు ఫోన్లో వీడియో చూపించు."

"అది అబద్ధం కదా మావయ్యా."

"నాలుగు నెలలు కార్లో కూర్చున్నవాడివి, నువ్వా నాకు చెప్పేది?" గట్టిగానే అన్నాడు. మళ్ళీ గొంతు తగ్గించి, "చూడవయ్యా. నాతో పనిచేసినవాళ్ళు, బతికున్నవాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఇద్దరు బస్సెక్కి వస్తున్నారు. ఒకాయనకి మోకాళ్ళు లేవు. ఇప్పుడు వాళ్ళకి ఆరు స్తంభాలని ఎలా చెప్పను? నువ్వు ఆఫీసులోనే ఉన్నావు. అంతే."

నన్ను ఉద్యోగంలోంచి తియ్యడానికి ఒకమ్మాయి సరిపోయింది. మళ్ళీ చేర్చడానికి మావయ్య ఒక్కడే సరిపోయాడు. జీతం ఒక్కటే ఉండదు.

రాగి తీగ కొన్నాక సందు చూపించమన్నాడు. కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, లైన్ వెయ్యడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా నాలుగు దిక్కులూ చూశాడు. ఫర్నిచర్ షాపు గోడని అరచేత్తో తట్టాడు.

"గోడ బాగుంది. దరిద్రంగా, అచ్చం ఆఫీసు గోడలాగే ఉంది."

హోర్డింగ్ మీద మిగిలిన 'సోఫాలపై భారీ' అన్న ముక్క వీడియోలో పడకుండా కారుని రెండడుగులు వెనక్కి పెట్టించాడు. చక్రాల పక్కన సుద్దముక్కతో గీత గీశాడు.

"శుక్రవారం అయ్యాక చెప్పొచ్చా మావయ్యా?"

"ముందు శుక్రవారం కానియ్. చూద్దాం." మీటింగ్ రూంలో ఆ అమ్మాయి కూడా ఇంతే మర్యాదగా, మళ్ళీ ఏమైనా అవసరమైతే చూద్దామంది.

గురువారం కొత్త రాగి తీగ ఎంత పొడవుండాలో తేల్చుకోడానికి రోజంతా ఆయన బాల్కనీలోంచి నొక్కుతూనే ఉన్నాడు. నేను సుద్ద గీతల మధ్య కూర్చుని ఎన్నిసార్లు మోగిందో మెసేజ్ పెడుతూ ఉన్నాను. నాలుగు నెలల్లో నేను చేసిన మొదటి పని అది. శ్రద్ధగానే చేశాను.

శుక్రవారం పదిన్నరకే ఇస్త్రీ చొక్కాలో, సీటు నిటారుగా పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. పదకొండింటికి వీడియో కాల్ వచ్చింది. తెర మీద మా బాల్కనీ, ఇరవై తలకాయలు. మధ్యలో మావయ్య, పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని కోటు వేసుకుని, పాలపొడి డబ్బాని తుపాకీలా ఎత్తి పట్టుకుని. పక్కన ఇద్దరు ముసలాళ్ళు కుర్చీల్లో. లెక్చరర్ గారు తెరలోకి తొంగి చూశాడు.

"ఏం సార్, ఆఫీసేనా?"

"ఆఫీసేనండీ" అని గోడ చూపించాను.

"ఏదో బోసిగా ఉందే."

"బేస్‌మెంటండీ."

"బేస్‌మెంట్లో ఎండేమిటి?"

"అల్లుడుగారూ, చూసుకోండి, నొక్కుతున్నా!" అని మావయ్య అడ్డుపడ్డాడు. నలుగురి ముందు కాబట్టి 'గారు' తిరిగి వచ్చింది.

నొక్కాడు. కారు కుయ్ కుయ్‌మంది, ఇండికేటర్లు వెలిగాయి. గాల్లోంచి వెళ్ళిన మోత ఫోన్ స్పీకర్ మోతలో కలిసిపోయినట్టుంది, ఎవరూ సందు వైపు చూడలేదు. చప్పట్లు మొదట గోడ అవతల నుంచి నేరుగా వినపడ్డాయి, ఒక్క క్షణం ఆగి ఫోన్లోంచి మళ్ళీ వినపడ్డాయి. బస్సులో వచ్చిన ముసలాయన మోకాళ్ళు మర్చిపోయి లేచి నిలబడి మావయ్యని కౌగిలించుకున్నాడు. లెక్చరర్ గారు కళ్ళజోడు తుడుచుకుని, "ప్రకృతిలో మనకి తెలియనివి ఇంకా ఉన్నాయి" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ పాఠాలు అంత తేలిగ్గా వదులుకున్నాడు పాపం. బేస్‌మెంట్లో ఎండ గురించి మళ్ళీ అడగలేదు.

కాల్ కట్టయింది. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ మోగింది. ఈసారి మా ఆవిడ.

"ఏమండీ."

"ఆఁ."

"మోగింది కదా."

"మోగింది."

"నాకూ వినపడింది" అంది. "ఫోన్లో కాదు. మిషను దగ్గర, కిటికీలోంచి. మంగళవారమూ వినపడింది. నిన్నయితే పొద్దుటి నుంచీ మోగుతూనే ఉంది."

వెనకాల చప్పట్లు, కప్పుల చప్పుడు, మావయ్య నవ్వు.

"నేను చెబ్దామనే..." అన్నాను.

"ఇప్పుడొద్దు. ఇంటినిండా జనం." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది. "నాన్న ఇలా నవ్వి ఎన్నేళ్ళయిందో. నేనూ మంగళవారమే అడుగుదామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను."

"రేపు మాట్లాడుకుందామా?"

"రేపు నాన్నకి సన్మానమట, క్లబ్ హౌస్‌లో. లెక్చరర్ గారే పెట్టిస్తున్నారు. మీరు మాట్లాడాలట." ఎవరికో కప్పు అందించినట్టుంది. "ఆయన ఇంకోటి కూడా అడిగారు. వాళ్ళ చిన్నబ్బాయికి మీ ఆఫీసులో ఏదైనా చూడమని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? చూస్తారన్నాను."

ఆరు స్తంభాల దూరంలో ఆవిడ ఊపిరి తీసి వదలడం స్పష్టంగా వినపడుతోంది.

"తిన్నారా?" అంది.

"ఇంకా లేదు."

"తినండి. ఎండలో ఉంటే పాడవుతుంది. ఆరున్నరకే రండి, ముందు రాకండి. వీళ్ళు సాయంత్రం దాకా ఉండేలా ఉన్నారు."

ఫోన్ పెట్టేసింది. గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. క్యారేజీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. బాల్కనీలోకి ఎవరో ఆలస్యంగా వచ్చినట్టున్నారు, నాలుగు డోర్ల లాకులూ టక్కున పడి, కారు మళ్ళీ మోగింది. నేను చెయ్యి తుడుచుకుని, మోగిందని మావయ్యకి మెసేజ్ పెట్టాను.